మల్లెపాదు దాకా

వైశాఖం వచ్చినప్పటి నుంచి మా పెరడు పొడుగవుతోంది. వంటింటి తలుపు తీస్తే ఎదురుగా ఉండాల్సిన మల్లెపాదు ఇప్పుడు కనుచూపు మేరలో లేదు. దాని వాసన మాత్రం వస్తుంది. అదీ మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరదు.

గోడ అవతల ఖైరున్నిసా బట్టలు ఆరేస్తోంది. వాళ్ళ దండెం తీగ కూడా సాగుతూ సాగుతూ ఎక్కడికో పోయింది.

"ఎండకు రైలు పట్టాలే సాగుతాయి నీలమ్మా, పెరడు సాగదా?" అంటుంది.

నిజమే అనిపిస్తుంది.

ఇబ్బంది ఒక్కటే. మా అక్క హంపమ్మ పొద్దున్నే చెంబు పట్టుకుని మల్లెకు నీళ్ళు పోయడానికి వెళ్ళింది. ఇంకా రాలేదు.

అక్క గుండె మంచిది కాదు. ఎండలోకి పోవద్దని డాక్టరు చెప్పాడు. "ఎండలోకి పోను సార్, పెరట్లోకే పోతా" అని ఆయనకు మాటిచ్చి వచ్చింది. మొగుడు పోయాక రాయదుర్గంలో నా దగ్గరికి వచ్చిన రోజు, బట్టల మూట బస్సులోనే మరిచిపోయి దిగింది. ఒళ్ళో తడిగుడ్డ చుట్టి పెట్టుకున్న మల్లె అంటును మాత్రం మరిచిపోలేదు. ఆ అంటు పెరిగిందే ఈ పాదు.

బిందె నింపుకుని బయలుదేరతాను.

కనకాంబరాల మడి దాటేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. అక్కడ తిప్పేస్వామి ఆటో ఆపుకుని ఉన్నాడు. మా వీధివాడే.

"యాడికి నీలక్కా?"

"మల్లెపాదు కాడికి. మా అక్క ఆడుంది."

"మందారం దాకా అయితే వస్తా. ఆ పక్కకు రోడ్డు ఇంకా పుట్టలేదు."

ఎక్కుతాను. నందివర్ధనాలు, చంద్రకాంతలు, నేను నాటినవే, ఆటో పక్కనుంచి వెనక్కి పోతుంటాయి. ప్రతిదీ తల వాల్చేసి ఉంది.

"ఆపు, రవ్వంత పోస్తాను" అంటాను.

"ఒకదానికి పోస్తే మిగతావి చూస్తాయి నీలక్కా" అంటాడు. ఆపడు.

మందారం నీడలో ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఎవరి పెరట్లోంచి వాళ్ళు బయలుదేరి ఇక్కడ కలిశారు. అందరి పక్కనా ఖాళీ బిందెలు. నా బిందె వైపు చూస్తారు గానీ అడగరు.

"ఎవరికోసం?" అంటుంది అంచున కూర్చున్న పెద్దామె.

"మా అక్క."

"మా ఆయన గులాబీల దగ్గరున్నాడు. పోయిన ఎండాకాలం పోయినాడు. దగ్గు వినపడతాంటుంది."

"మరి పోవచ్చు కదా పెద్దమ్మా?"

"నేను నడిస్తే ఆ దగ్గు కూడా నడుస్తాది తల్లీ. కూర్చుంటే ఉన్నచోటే ఉంటాది."

ఆమె దోసిట్లో కాసిని నీళ్ళు పోస్తాను. ఆమె తాగదు. అవి ఆవిరైపోయేదాకా దోసిలి అలాగే పట్టుకుని చూస్తూ ఉంటుంది.

అక్కడి నుంచి నడక. బిందె తేలికవుతోంది. ఎక్కడా ఒలకడం లేదు, ఊరికే తగ్గుతోంది. బిందె మూతి మీద కొంగు కప్పుతాను. నీళ్ళతో మాట్లాడుతూ నడుస్తాను. మాట్లాడుతుంటే కొంచెం నెమ్మదిగా తగ్గుతాయి. అక్కకు ఇష్టమైన కూరల పేర్లు చెబుతాను, మా అమ్మ పేరు చెబుతాను. తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు.

అక్క కనిపిస్తుంది. పాదు గట్టు మీద కూర్చుని ఉంది. పొద్దున నేను నల్లగా అల్లిన జడ ఇప్పుడు తెల్లగా ఉంది. పక్కన చెంబు ఎండిపోయి, ఎండుటాకులా ముడుచుకుని ఉంది.

"ఎంతసేపే నీలీ" అంటుంది. కోపంగా కాదు.

"తాగక్కా. అడుగున కొంచెం మిగిలింది."

"చెట్టుకు పొయ్."

"చచ్చిపోతావక్కా."

"నేను తాగితే మళ్ళీ దాహమైతాది. చెట్టుకు పోస్తే మొగ్గైతాది."

బిందె ఆమె నోటికి ఆనిస్తాను. పళ్ళు బిగించి తల తిప్పుకుంటుంది. ఎత్తుకుపోదామని చంకల కింద చేతులు వేస్తాను. ఆమెలో బరువేమీ లేదు, అయినా లేవదు.

"ఇంటికి పోదాం రా అక్కా."

"ఏ పక్కకే?"

తిరిగి చూస్తాను. అన్ని పక్కలా పెరడే ఉంది.

నీళ్ళు పాదులో పోస్తాను. కాలిన పెనం మీద చిలకరించినట్టు మట్టి చుయ్యిమంటుంది. నేను ఏడుస్తున్నాను, కానీ కళ్ళలోంచి ఏమీ రావడం లేదు. మల్లె గుప్పెడు మొగ్గలు వేస్తుంది. అక్క వాటిని తొడిమ నలగకుండా కోసి ఒళ్ళో వేసుకుంటుంది. ఆమె ముఖం తేటగా ఉంది.

తర్వాత అక్క పాదు అంచు పట్టుకుని, దుప్పటి ఎత్తినట్టు నేలను ఎత్తుతుంది.

కింద నోళ్ళు ఉన్నాయి. ముఖాలు లేవు. పక్కపక్కన సర్దుకుని, పైకి తెరుచుకుని, నోళ్ళే. ఎత్తినకొద్దీ ఇంకా కనిపిస్తాయి. చప్పుడు చేయవు, తొందరపెట్టవు.

అక్క ఒక్కో నోట్లో ఒక్కో మొగ్గ పెడుతుంది. ఏ నోరూ మూసుకోదు.

మిగిలిన మొగ్గలు నా చేతిలో పోస్తుంది. "రవంత జరగండమ్మా" అంటుంది వాళ్ళతో. నోళ్ళు జరుగుతాయి. అక్క ఆ సందులో వెల్లకిలా పడుకుంటుంది. నుదురు మట్టి అవుతుంది, చెంపలు మట్టి అవుతాయి. నోరు తెరుచుకుంటుంది.

మొగ్గ పట్టుకుని వంగుతాను. ఏది ఆమెదో తెలియడం లేదు.

"అక్కా" అని పిలుస్తాను.

నోళ్ళన్నీ ఇంకొంచెం తెరుచుకుంటాయి.