పడుగు కొసన మిగిలిన రాణి రంగు

రాజోలిలో కిష్టమ్మ అత్తగారింటికి ఒక పద్ధతి ఉంది. పుట్టు వెంట్రుకలు తీసిన రోజు, పిల్లకైనా పిల్లగాడికైనా మొదట తొడిగే అంగీ ఇంటి మగ్గం మీద నేసిందే అయి ఉండాలి. మేనమామ తెచ్చే కొత్త బట్టలు ఆ తర్వాతే. ఆ అంగీ కోసం ఎవరూ నూలు కొనరు, రంగు ఎంచరు. మగ్గానికెక్కిన పడుగు నిలువు దారాల మీద చీరలన్నీ నేసి, ఆఖరి చీర కోసేశాక కొసన రెండు మూరలో మూడు మూరలో దారం మిగులుతుంది. దాన్నే నేస్తారు. ఆ ఏడు షావుకారు ఏ రంగు చీరలు అడిగాడో ఆ ఇంటి పిల్లకు ఆ రంగు అంగీ. కిష్టమ్మ కొడుకు రాకేష్‌కు వంగపండు రంగు వచ్చింది. కూతురు యమునకు ముదురు నీలం వచ్చింది. ఆ నీలం అంగీలో యమున ఊరంతా తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు.

మనవడు శ్రీనాథ్ కోసం కిష్టమ్మ భర్త తిరుపతయ్య పట్టుకున్న కొస ముదురు గులాబీ, రాణి రంగుది. చిలకపచ్చ అంచు. పోయిన ఎండాకాలంలో ఆఖరి చీర కోసి, మిగిలిన దాని మీద జానెడు నేశాడు. ఆ మధ్యాహ్నం మంచినీళ్ళు అడిగి మగ్గం గుంటలోంచి లేచాడు. మళ్ళీ దిగలేదు.

ఆయన పోయినప్పటి నుంచి ఆ జానెడు బట్ట మగ్గం మీదే ఉంది. కిష్టమ్మ దాని మీద ఆయన పాత ధోవతి ఒకటి కప్పింది. రోజూ పొద్దున దులిపి మళ్ళీ కప్పేది. పక్కింటి యాదయ్య మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చేది కానీ తన మగ్గం మీద మాత్రం కూర్చోలేదు. అడిగినవాళ్ళకు ఒక కారణం చెప్పేది, అది నిజం కూడా. ఒంటికి ఒక రంగు, అంచుకు ఒక రంగు ఉన్న బట్టను ఒక్కరు నేయలేరు. గుంటలో ఒకరు కూర్చోవాలి, పక్కన ఒకరు కూర్చొని అంచు దారం ఉన్న నాడె విసరాలి. ముప్పై నాలుగేళ్ళు ఆయన గుంటలో, తను పక్కన. ఇప్పుడు పక్కన ఎవరున్నారు అనేది. గుంటలో ఎవరు కూర్చోవాలన్న మాట మాత్రం ఎత్తేది కాదు.

మార్గశిరంలో మల్దకల్ జాతరకు పిల్లగాడి వెంట్రుకలు తీయాలని మొక్కు. దసరా దాటగానే ఆమెకు దిగులు పట్టుకుంది. ఆ కొస నేయకపోతే కోసి పారేయాలి. పారేస్తే ఆయన చేతి ఆఖరి పని ఎవరి ఒంటి మీదికీ పోకుండా పోతుంది.

ఇంకో చిక్కు కోడలు పూజ. ఆమెది ఖిల్లా ఘణపూర్, వ్యవసాయం ఇల్లు. మగ్గం ఎరగదు. రాకేష్ గద్వాలలో మోటర్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు, కాపురం అక్కడే. ఒక ఆదివారం వచ్చినప్పుడు పూజ ధోవతి ఎత్తి ఆ రంగు చూసింది. నెమ్మదిగా అడిగింది.

"అత్తమ్మా, మీకు మనవరాలు కావాలని ఉండెనా?"

కిష్టమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాలో బాధపడాలో తెలియలేదు. కావాలని ఎవరూ ఏసింది కాదని, ఆ రంగు మిగిలిందంతేనని చెప్పింది. పూజ తల ఊపింది కానీ నమ్మినట్టు లేదు.

పూజ బాధ పూజది. మొక్కు ఉంది కాబట్టి పిల్లగాడి తలకు మూడో ఏడు దాకా కత్తెర తగలలేదు. ఒత్తైన జుట్టు, పెద్ద కళ్ళు. కండ్లలో పడుతుందని రెండు పిలకలు కట్టేది. కూరగాయల బండివాడు పాప అంటాడు. అంగన్‌వాడీ ఆయమ్మ పాప అంటుంది. దవాఖానలో నర్సు చీటీ మీద కూడా పాప అనే రాసింది. రెండేళ్ళు అందరికీ పాప కాదు, బాబు అని చెప్పి చెప్పి పూజకు విసుగొచ్చింది. అందుకని ఇంట్లో ఉన్న గులాబీ, పసుపు, ఎరుపు బట్టలన్నీ చుట్టాలకు పంచిపెట్టి పిల్లగాడిని పూర్తిగా నీలంలోకి దింపింది. నీలం అంగీ మీద కారు బొమ్మ, నీలం చొక్కా మీద పులి బొమ్మ, నీలం చెడ్డీ, నీలం చెప్పులు. అన్న అరవింద్‌కు ఫోన్ చేసి, వెంట్రుకలు తీసిన రోజుకు నువ్వు తెచ్చే జత కూడా నీలమే ఉండాలని ముందే చెప్పి పెట్టింది. ఆ రోజు నుంచైనా తన కొడుకును అందరూ కొడుకు అనాలని ఆమె ఆశ. ఆ రోజే రాణి రంగు తొడుగుతామంటే మనసెట్లా ఒప్పుతుంది.

కిష్టమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. బలవంతంగా తొడిగిస్తే ఆయనకు ఇష్టముండదని ఆమెకు తెలుసు.

జాతర ఇంక మూడు వారాలుందనగా కిష్టమ్మ గద్వాలలో కొడుకింటికి పోయి, నాలుగు రోజులుంచుకుందామని కోడలినీ మనవడినీ వెంట తీసుకొని బస్సులో రాజోలికి బయలుదేరింది. పిల్లగాడు ఆ రోజు టోపీతో సహా నీలమే, అంగీ మీద ట్రాక్టర్ బొమ్మ. కిక్కిరిసిన బస్సులో ఉక్కపోతకు టోపీ తీసేశాడు. పక్క సీట్లో చామంతుల గంప పెట్టుకున్న ఒక పెద్దమ్మ వాడిని చాలాసేపు చూసి, రెండు పూలు తుంచి రెండు పిలకల్లో పెట్టింది. వాడు కిటికీ అద్దంలో తనను చూసుకొని మురిసిపోయాడు. తల్లి తీయబోతే రెండు చేతులతో పిలకలు పట్టుకున్నాడు. పెద్దమ్మ పూజ వైపు తిరిగి, గొంతు తగ్గించి, మందలించినట్టే అన్నది.

"ఆడపిల్లకు మొగపిల్లల బట్టలేస్తివేంది బిడ్డా. ఇంత సక్కదనముంటె గీ ట్రాక్టరేంది?"

పూజ ఆమె ముఖంలోకి చూసింది. కొడుకును కాళ్ళ నుంచి తల దాకా చూసింది. ఏడుస్తుందేమోనని కిష్టమ్మ భయపడింది. ఏడవలేదు, నవ్వింది. మొదట ముక్కుతో, తర్వాత నోరు మూసుకొని, తర్వాత మూసుకోలేక. శాంతినగర్ దాటేదాకా నవ్వుతూనే ఉంది. ఎందుకో తెలియకుండా పెద్దమ్మ కూడా నవ్వింది. కిష్టమ్మ నవ్వు దాచుకుంటూ కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇంటికి చేరి, చెప్పులు విడిచి, పూజ తిన్నగా మగ్గం దగ్గరికి పోయింది. ధోవతి మడిచి పక్కన పెట్టింది.

"నీలం ఏస్తే ఏం లాభమైంది అత్తమ్మా. రెండేండ్లు ఉత్తగ పరేషానైన. నేను ఏడ కూసోవాలె, చెప్పు."

"నాకు చాతగాదేమో" అన్నది కిష్టమ్మ.

"నీకు చాతగాకుంటె నాకు చాతనైతదా?"

కిష్టమ్మ కొంగు నడుముకు చెక్కుకుంది. కోడలికి తను ముప్పై నాలుగేళ్ళు కూర్చున్న చోటు చూపించింది. తర్వాత గుంటలో కాళ్ళు పెట్టి ఆయన చోట కూర్చుంది. కింద తొక్కుడు కర్ర ఆయన పాదమంత మేర నున్నగా అరిగి ఉంది. ఆమె పాదం అందులో చిన్నదైపోయింది. కొంచెం ముందుకు జరిగి తొక్కింది. పడుగు తెరుచుకుంది.

పూజ విసిరిన మొదటి నాడె గోడకు తగిలింది. రెండోది గుంటలో పడింది. మూడోదాన్ని శ్రీనాథ్ పట్టుకొని ఇంటి చుట్టూ పరుగెత్తాడు, ఇద్దరూ వాడి వెంట పడాల్సి వచ్చింది. నాలుగు రోజులకని వచ్చిన కోడలు పదిరోజులుంది. రాకేష్ ఒకసారి వచ్చి చూసి, తనకు గద్వాలలో వండిపెట్టేవాళ్ళు లేరని చెప్పబోయి, ఇద్దరి ముఖాలూ చూసి తనే వంటింట్లోకి పోయాడు.

"మా నాయిన ఒక పూటల రెండెకరాలు దున్నుతడు" అన్నది పూజ మూడో రోజు నడుము పట్టుకొని. "మనం పొద్దటిసంది జానెడు గూడ దాటలే."

"మీ నాయినకు మంచి ట్రాక్టరుంది. నాకు నువ్వు దొరికినవ్."

పక్కింట్లోంచి యాదయ్య నవ్వు వినిపించింది. కిష్టమ్మ ఇంట్లోంచి మాటలు బయటికి వినిపించి చాలా రోజులైంది మరి.

తిరుపతయ్య నేసిన జానెడు ఒత్తుగా ఉంది. కిష్టమ్మ నేసింది కొంచెం వదులు. రెండూ కలిసిన చోట సన్నని గీత తెలుస్తోంది. అంచు కలిసిన దగ్గర అక్కడక్కడ పూజ చేతి సందులు కూడా ఉన్నాయి. అంగీ కుట్టే రంగమ్మ ఆ గీత కనిపించకుండా చంక కిందికి పోయేలా కత్తిరిస్తానన్నది. కిష్టమ్మ ఒప్పుకోలేదు. గీత ముందుకే రావాలని, రొమ్ము మీదనే ఉండాలని చెప్పి, రంగమ్మ కత్తెర పెట్టేదాకా పక్కనే కూర్చుంది.

జాతర రోజు మల్దకల్‌లో పొద్దున్నే చలి. అరవింద్ మేనల్లుడిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని మొదటి పాయ కత్తిరించాడు. మంగలి మిగతా పని చేశాడు. పిల్లగాడు ఒకసారి ఏడ్చి, తలను చేత్తో తడిమి చూసుకొని, ఆశ్చర్యంతో ఏడుపు మరిచిపోయాడు. స్నానం పోసి, తలకు గంధం పూసి, రాణి రంగు అంగీ తొడిగారు. అత్తాకోడళ్ళు చేసుకున్న ఒప్పందం ప్రకారం దర్శనం దాకా ఇది, తర్వాత అరవింద్ తెచ్చిన నీలం జత. ఆ జత పూజ చేతి సంచిలో మడతపెట్టి ఉంది.

రాకేష్ ముందే పోయి పట్టిన దర్శనం వరుసలో నిలబడబోతూ చూస్తే పిల్లగాడు లేడు. అరవింద్ దగ్గరున్నాడని పూజ, పూజ దగ్గరున్నాడని అరవింద్ అనుకున్నారు. చుట్టూ చూస్తే అన్నీ గుండ్లే. అన్నిటికీ గంధమే. మేనమామలందరూ ఒకే దుకాణానికి పోయినట్టు ఆ ఎత్తున్న పిల్లగాళ్ళందరికీ నీలం బట్టలే. తెల్లపంచె కట్టుకున్న ఒకాయన ఒక నీలం పిల్లగాడిని చంకనెత్తుకొని పది అడుగులు పోయాడు. వెనకనుంచి ఎవరో తల్లి కేకేస్తే ముఖం చూసి, తన మనవడు కాదని దించి, ఇంకొకడి కోసం వెతకసాగాడు. పూజ కనబడిన ప్రతి గుండు పిల్లగాడి ముఖమూ తిప్పి చూస్తోంది.

కిష్టమ్మ వెతకలేదు. చెప్పులు విడిచే గట్టు మీదికెక్కి రంగు కోసం చూసింది. నీలం, నీలం, కాషాయం, తెలుపు, మళ్ళీ నీలం. బొంగుపేలాల దుకాణం పక్కన, మనుషుల కాళ్ళ మధ్య, నిప్పు కణికలా రాణి రంగు.

"అగో" అన్నది. పూజ అప్పటికే పరుగెత్తుతోంది.

దుకాణపామె పిల్లగాడి చెయ్యి పట్టుకొని ఉంది. వాడి మరో చేతిలో పేలాలు. తల్లి వాడిని ఎత్తుకొని గుండుకు, బుగ్గలకు, మెడకు ముద్దులు పెట్టింది, గంధమంతా ఆమె ముఖానికి అంటింది. తప్పిపోయినట్టు వాడికి తెలియనే తెలియదు. అమ్మ నోట్లో ఒక పేలం పెట్టాడు.

కిష్టమ్మ ఆయాసపడుతూ వచ్చింది. దుకాణపామె అంగీ కొసను వేళ్ళ మధ్య నలిపి చూస్తోంది.

"మంచిగుంది పెద్దమ్మా, రంగు. ఏడ కొన్నరు?"

భర్త పోయాక ఆయన మాట ఎవరైనా ఎత్తితే కిష్టమ్మ తల వంచుకొనేది. ఇప్పుడు వంగి, పిల్లగాడి రొమ్ము మీది గీతను వేలితో చూపించింది.

"కొనలేదమ్మా. గీడిదాంక వీళ్ళ తాత నేసిండు. ఆయన పోయినంక గీడిసంది నేను, మా కోడలు."

పూజ సంచి భుజానికి సర్దుకొంది. నీలం జత అందులోనే ఉంది. ముగ్గురూ వరుస వైపు నడిచారు.