పచ్చ మొఖం

కట్టమ్మ షుగర్ అరవై రోజులుగా అదుపులోనే ఉందని కంపెనీ కంప్యూటర్‌లో కనబడుతోంది. నలభై మందిలో ఇంకెవరికీ అంత బాగా లేదు. అందుకే ఆమె మీద వీడియో తీయడానికి స్వాతి హైదరాబాద్ నుంచి కారులో రేగొండకు వచ్చింది.

స్వాతికి పదమూడో ఏట నుంచీ షుగరే. దేవరుప్పులలో ఆమె తండ్రి జగపతికి నలభై ఎకరాల భూమి, ఫోన్ చేస్తే పలికే డాక్టర్లు ఉన్నారు. అయినా తనను నిలబెట్టింది జబ్బకు అంటించుకునే ఆ చిన్న బిళ్ల, ఫోన్‌లో కనబడే షుగర్ అంకె అనే ఆమె నమ్మింది. పెదనాన్న కొడుకు మిథున్‌తో కలిసి కంపెనీ పెట్టింది. ‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అన్న మాట ఆమె రాసిందే. రేగొండ, చిట్యాల మండలాల్లో నలభై మందికి బిళ్లలు, ఫోన్లు ఉచితంగా ఇచ్చారు. షుగర్ పెరిగితే ఆ ఫోన్‌లో ఎర్ర మొహం, లేకుంటే నవ్వే పచ్చ మొహం కనబడుతుంది.

కట్టమ్మ పత్తి చేనులోంచి నేరుగా వచ్చి, చీర మార్చుకుని గడప ముందు కూర్చుంది. ఊరి ఆశా కార్యకర్త రేణుక పక్కనే నిలబడింది. స్వాతి కెమెరా పెట్టి, ఏం చెప్పాలో నేర్పింది.

“నా పానం ఇప్పుడు నా చేతులనే ఉన్నది” అంది కట్టమ్మ. గొంతు తడబడింది.

“మల్లొక్కసారి చెప్పవా అవ్వా, జర నవ్వుకుంట.”

రెండోసారి మాట ముద్దగా వచ్చింది. నుదుటి మీద చెమట. కెమెరా అంటే భయపడుతోందనుకుంది స్వాతి. మూడోసారి చెప్పమంది. ఈసారి కట్టమ్మ నోరు తెరిచి, మాట రాక, గోడకు ఒరిగిపోయింది.

రేణుక ఒక్క ఉరుకున లోపలికి వెళ్లి చక్కెర తెచ్చి నాలుక కింద పెట్టింది. వేలు గుచ్చి చూస్తే షుగర్ నలభై ఆరు. ఒళ్లో పడిన ఫోన్‌లో మాత్రం పచ్చ మొహం నవ్వుతూనే ఉంది.

కాసేపటికి కట్టమ్మ కళ్లు తెరిచింది. మొదట చేతులు జోడించింది.

“తప్పయింది మేడం. మీ వీడియో కరాబు చేసిన.”

“పొద్దుగాల ఏం తిన్నవ్ అవ్వా?” అని రేణుక అడిగింది.

“షుగర్ గోలి ఏసుకున్న. తినలే.”

“ఎందుకు తినలే?”

“తింటె ఎర్ర మొఖమొస్తది. ఎర్రగైతే ఆఫీసు పిల్ల ఫోన్ జేసి ఏం తిన్నవమ్మా అంటది. తప్పు జేసి దొరికినట్టు సిగ్గయితది. అందుకే పొద్దటి బువ్వ బంద్ వెట్టిన. పచ్చగనే వస్తంది గదా.”

స్వాతి ఫోన్‌లో షుగర్ డెబ్బైకి తగ్గితే పెద్దగా మోగుతుంది. ఇంట్లో తండ్రి ఫోన్ కూడా మోగుతుంది. తెలుగు యాప్ తయారుచేసేటప్పుడు ఆ మోత తీసేయించింది తనే. అంకెలు కూడా తీసేయించింది. “వీళ్లకు అన్ని చెప్తె కన్ఫ్యూజ్ అయితరు. ఎరుపు, పచ్చ చాలు” అన్న మాట ఆమె నోటి నుంచే వచ్చింది. షుగర్ పడిపోయినప్పుడు తనకు వందసార్లు పట్టిన చెమట అది. ఎదురుగా మరొకరికి పడితే గుర్తుపట్టలేదు.

“తప్పు నీది కాదవ్వా, నాది. షుగర్ బాగ తగ్గినా పచ్చ మొఖమే వచ్చేటట్టు నేనే చేయించిన.”

“నువ్వెందుకు తప్పు జేస్తవ్ బిడ్డా? సదువుకున్నదానివి” అని కట్టమ్మ ఆమె చెయ్యి నిమిరింది.

కట్టమ్మను ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లాక, స్వాతి ఆవరణలోకి వచ్చి మిథున్‌కు ఫోన్ చేసింది.

“ముసలామెకు ఏం కాలే గదా? ఊకె లొల్లి చేయకు. వచ్చే వర్షన్ల సరిజేద్దం” అన్నాడతను.

ఆ మాట వినగానే ఆమెకు హాయిగా అనిపించింది. ఒక్క క్షణమే. ఆ తర్వాత అలా అనిపించినందుకు ఒళ్లంతా కుంచించుకుపోయింది.

“ఇప్పుడే బంద్ చెయ్ అన్నా. లేకుంటే పైసలు పెట్టినోళ్లకు నేనే రాస్త.”

అతను చేయలేదు. ఆమె రాసింది. యాప్ ఆగింది. మిథున్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.

తర్వాతి రెండు రోజులు స్వాతి, రేణుక ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి గడపలోనూ స్వాతి అదే చెప్పింది, తప్పు తనదని. చిట్యాలలో బక్కయ్య అనే ముసలాయన రెండుసార్లు కళ్లు తిరిగి పడ్డాడట. “పచ్చగున్నది గదా, వయసుతోని అనుకున్న” అన్నాడు. ఎవరూ ఆమెను తిట్టలేదు. చాయ్ పోసి పంపారు. తిడితే బాగుండునని ప్రతి ఇంట్లోనూ అనుకుంది.

నెల తర్వాత స్వాతి ఒక్కతే రేగొండకు వెళ్లింది. డాక్టర్ గోలి మార్చాడని, కట్టమ్మ మళ్లీ చేనుకు పోతోందని రేణుక చెప్పింది. మధ్యాహ్నం చేను గట్టు మీద కట్టమ్మ సద్ది విప్పుకుని కూర్చుంది. దూరంగా స్వాతిని చూడగానే గబుక్కున గిన్నె మీద కొంగు కప్పింది.

“కొంచెమే తెచ్చుకున్న మేడం. ఎక్కువ లేదు.”

“తిను అవ్వా. నేను చూడ.”

స్వాతి గట్టు మీద, ఆవలి వైపు తిరిగి కూర్చుంది. చాలాసేపటి దాకా వెనక గిన్నె చప్పుడు వినబడలేదు.