సంఘం చిరునామా

సేవా సంఘాలకు చట్టం పాఠాలు ఉచితంగా చెబుతారంటే, భిలాయి సెక్టర్ 6లో మా తెలుగు మహిళా మండలి తరఫున నేనూ, పక్క క్వార్టరు అచ్చమ్మ వదినా వెళ్లాం. రిజిస్ట్రేషన్ ఫారంలో సంఘం శాశ్వత చిరునామా అని ఉన్నచోట వదిన పాలకొండ దగ్గర తన ఊరు రాసింది. నాకు ఒళ్లు మండింది.

"భిలాయి సంఘానికి ఆ ఊరేటి వదినా? మీ క్వార్టరు నంబరు రాయి."

"అది కంపెనీది. మీ అన్న రిటైరైతే తాళాలిచ్చీయాల. అది శాశ్వతమెలాగవుద్ది?"

పాఠం చెబుతున్న వకీలు సుచిత్ర ఇక్కడే పుట్టిన పిల్ల. ఫారం చూసి నవ్వింది. "అరే ఆంటీ, ఆ ఊరికి ఉత్తరమొస్తే ఎవరు తీసుకుంటారు?"

"ఎవులూ లేరమ్మా. ఇల్లు కూలిపోయి ఇరవయ్యేళ్లు."

వదిన ఆ చిరునామా కొట్టెయ్యకుండానే ఫారం సుచిత్ర చేతిలో పెట్టింది.

"అయినా, ఒకపాలి ఉత్తరం ఏసి సూడు."