నీడలో ఐదు నిమిషాలు

"నుదురు చూపించు. ఊఁ, పద. నువ్వు రా. మాస్కు గడ్డానికి కాదు నాయనా, ముక్కుకి!"

బడి గేటు దగ్గర ఆయమ్మ జ్వరం చూసే మిషన్‌ను ఒక్కో నుదుటికీ గురిపెడుతోంది. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే గంట కొట్టింది, ముక్కులు తుడిచింది, ఊడిన బొత్తాలు కుట్టింది. మోకాళ్లు వాచాయి, కొంగు ఎప్పుడూ తడే.

మహమ్మారి కాస్త తగ్గాక బడి తెరిచి నెలైంది. ఎండలో నడిచొచ్చిన పిల్లలకు మిషన్‌లో ఊరికే ఎర్రదీపం వెలిగేది. వాళ్లను ఐదు నిమిషాలు నీడలో కూర్చోబెట్టి, మొహం కడిగించి మళ్లీ చూసేది. పచ్చదీపం వస్తే లోపలికి. అది తన సొంత ఉపాయం. హెడ్‌మాస్టరు కూడా మెచ్చుకున్నాడు.

ఆ ఉపాయమే కొంప ముంచింది.

పదకొండు రోజుల కిందట బుడంకాయకు ఎర్రదీపం వెలిగింది. మూడో తరగతి పిల్ల. ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే, ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు. "గేటు దగ్గర నువ్వున్నావుగా, నీ మీద భారం వేసి పంపుతున్నా. పిల్ల ఒళ్లు వెచ్చబడితే కబురు పెట్టు, దాని దగ్గర మా చిన్నదాన్ని ఉంచి నేను వాళ్లింటికి వెళ్లిపోతా" అని బడి తెరిచిన రోజే ఆయమ్మకు మరీ మరీ చెప్పింది.

ఆ రోజు ఎండే లేదు, మబ్బు. అయినా పిల్ల ఏడ్చింది. "పంపెయ్యకు ఆయమ్మా, ఇవాళ నేను పద్యం చెప్పాలి!" ఆయమ్మ మనసు కరిగింది. రెండుసార్లు మొహం కడిగించింది. పచ్చదీపం వచ్చింది. చన్నీళ్లకు నుదురు చల్లబడుతుంది గానీ జ్వరం పోతుందా? ఆ మాత్రం తెలియదా తనకి? కబురు పెట్టలేదు. మర్నాటి నుంచి పిల్ల రాలేదు.

మధ్యాహ్నం చేతులు కడిగే తొట్టి నింపుతుంటే టీచరమ్మ వచ్చింది.

"బుడంకాయ వాళ్ల అమ్మమ్మ పొద్దున ఆసుపత్రిలో పోయిందట."

తొట్టి నిండి నీళ్లు కాళ్ల మీదికి పారాయి. ఆయమ్మ కుళాయి కట్టలేదు.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్లింది. పిల్లకు తగ్గింది, గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల పిన్ని ఏడుస్తోంది.

"ఆయమ్మా, అమ్మమ్మకి నా వల్లే అంటుకుందట. పిన్ని అంటోంది. నిజమేనా?"

తలూపి ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయమ్మకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"కాదు తల్లీ, నా వల్ల. నీకు జ్వరమని ఆ రోజు నాకు తెలుసు. కబురు పెట్టాల్సింది నేనే, పెట్టలేదు." లోపలికి వినబడేలా గట్టిగానే చెప్పింది.

పిన్ని ఏడుపు ఆగిపోయింది.

గోడ వారన అమ్మమ్మ గ్లాసు బోర్లించి ఉంది, పిల్ల గ్లాసుతో కలవకుండా ఆవిడ దాని చుట్టూ కట్టుకున్న నీలం దారంతో సహా.