జ్వరం లేదుగా

మా అక్కకు జ్వరమంటే హడలు. మొదటి పాపను జ్వరమే తీసుకుపోయింది మరి. అందుకే రెండోవాడు, మా గుండుగాడు, పుట్టినప్పటినుంచీ ఆవిడ అరచెయ్యి వాడి నుదుటి మీదే కాపురం పెట్టింది.

నేను పసిపిల్లలకు టీకాలు వేసే నర్సుని. వాడి మొదటి సూది నేనే వేశాను. ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చి, నా ఒళ్ళో ఉచ్చపోసి, కక్ష తీర్చుకుని మరీ వెళ్ళాడు వెధవ. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. అక్క అప్పటికప్పుడు ఫోన్ చేసింది.

"చంపేస్తావా ఏంటే వీణ్ణి?"

"మంచిదే అక్కా. వాడి ఒంట్లో కాపలావాళ్ళు ఇంకా కొత్త. రోగం మొహం ఎలా ఉంటుందో ఇప్పుడే చూస్తున్నారు. ఒక్కసారికి గట్టిగా గుర్తుండదు. ఇంకో రెండుసార్లు చూపించాలి."

తెల్లారేసరికి జ్వరం తగ్గి గుండుగాడు నవ్వాడు. అక్క మాత్రం తేరుకోలేదు. రెండో సూదికి రమ్మంటే ఓసారి జలుబంది, ఓసారి చుట్టాలంది. చివరికి టీకాలున్న ఐసుపెట్టె భుజాన వేసుకుని నేనే వెళ్ళాను. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా చేతులారా వీడికి జ్వరం తెప్పించను. పోవే."

పోయిన ఆ పాపను నేనూ ఎత్తుకుని ఆడించాను. అక్క భయం నాకు తెలియదా? తెలిసే పోట్లాడాను. మొండిఘటం, వింటేనా!

తర్వాత బావకు దగ్గు పట్టుకుంది. ఎన్నాళ్ళకీ వదల్లేదు. పెద్దవాళ్ళ దగ్గే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఆపైన గుండుగాడు దగ్గాడు. అక్క నుదురు తాకి చూసింది. చల్లగా ఉంది. థర్మామీటరు పెట్టి మళ్ళీ చూసుకుని కుదుటపడింది. నాకు చెప్పనే లేదు. అక్క వద్దన్న సూది ఆపేది ఈ కోరింత దగ్గునే. దీనికి జ్వరం పెద్దగా రాదు. పసివాళ్ళకు ఊపిరే ఆపేస్తుంది.

ఆసుపత్రికి తెచ్చేసరికి, దగ్గు తెర వచ్చినప్పుడల్లా వాడి పెదాలు నీలమవుతున్నాయి. డాక్టరుగారు చెయ్యగలిగిందంతా చేస్తున్నారు. అక్క నా చెయ్యి లాగి వాడి తొడ మీద పెట్టింది.

"ఇప్పుడు వెయ్యవే. ఎంత జ్వరమొచ్చినా నిన్నేమీ అనను."

ఇప్పుడు సూది వేసినా, రోగాన్ని గుర్తుపట్టడం ఆ ఒళ్ళు నేర్చుకోవడానికి రోజులు కావాలి. వాడి దగ్గర రోజులు లేవు. ఆ మాట చెప్పలేక అక్కను పట్టుకుని ఏడ్చాను.

మధ్యాహ్నం వాడు పోయాడు. గొట్టాలన్నీ తీసి వాణ్ణి అక్క ఒళ్ళో పెట్టారు. అలవాటైన చెయ్యి నుదుటి మీదకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"జ్వరం లేదుగా," అంది నావైపు చూసి. "నువ్వూ చూడవే. లేదుగా."