తోకలో నొక్కు

ఫ్రేజర్ నది ఒడ్డున మర్టిల్ గాలాల కొట్లో వెండెల్ చేపలు పట్టే సన్నటి రాడ్ ఒకటి ఎత్తి ఊపి చూశాడు.

"ఇదివ్వండి. స్టర్జన్ చేప నన్ను మూడు గంటలు లాగాలి, అదీ మజా!"

"నీకు చెలగాటం, దానికి ప్రాణసంకటం!" మర్టిల్ కసిరింది. "చట్టం ప్రకారం ఎలాగూ నీళ్లలోకి వదిలేయాల్సిన చేప. అంతసేపు అలిస్తే, వదిలాక బతుకుతుందా?"

గోడ మీది రెండు ఫోటోలు చూపించింది. పాతదానిలో నడుంలోతు నీళ్లలో ఆమె తాత, మనిషంత స్టర్జన్‌ను పొదివి పట్టుకున్నాడు. పోయినేటి దానిలో నెరిసిన జుట్టుతో ఆమె. చేప ఇప్పుడు పడవంత ఉంది. రెండింట్లోనూ తోకలో అదే నెలవంక నొక్కు.

వెండెల్ టోపీ తీశాడు. సన్న రాడ్‌ను మెల్లగా పక్కన పెట్టేశాడు.

"అమ్మా, దాన్ని తొందరగా లాగి వదలగలిగే గట్టి రాడ్డూ రీలూ ఇవ్వండి."