పావు చుట్టు

పావు చుట్టే కదా, ఎవరికి తెలుస్తుందిలే అంటావు. సిగ్గుపడు. ప్రేమకొద్దీ చేశానని కూడా అంటావు. అప్పుడు ఇంకా సిగ్గుపడు. నీలాగే అనుకున్న ఒక అక్క సంగతి చెబుతాను, విను.

ఆ ఇంట్లో రోజూ నాలుగుసార్లు చేతిలో పనులు ఆగిపోయేవి. చిన్నప్పుడు జబ్బు చేసి, చెల్లెలికి కుడి భుజానికీ మోచేతికీ మధ్య ఎముక పొట్టిగా, వంకరగా నిలిచిపోయింది. బస్సు డ్రైవరు ఉద్యోగానికి వెళితే, రెండు చేతులూ సమంగా ఉంటేనే రమ్మన్నారు. డాక్టరు ఆ ఎముకను కోసి, వంకర తీసి, చేతికి బయట ఇనుప చట్రం బిగించాడు. చట్రానికున్న మరను స్పానరుతో రోజుకి నాలుగుసార్లు పావు చుట్టు చొప్పున తిప్పాలి. నాలుగు పావులకి ఒక మిల్లీమీటరు ఎడం. ఆ ఎడంలో కొత్త ఎముక పుడుతుంది. పొద్దున అమ్మ, మధ్యాహ్నం అన్న భార్య, సాయంత్రం అక్క, పడుకునే ముందు చెల్లెలు తనే తిప్పేవారు. ఎవరు తిప్పినా నొప్పే. చెల్లెలు కళ్ళు మూసుకునేది.

రెండోవారం నుంచి, అక్క మంచినీళ్ళిస్తే చెల్లెలి చెయ్యి గ్లాసుకి గింజెడు దూరంలో ఆగిపోయేది. అక్క ముందుకి జరిగితే చెయ్యి అంతే వెనక్కి జరిగేది. తక్కినవాళ్ళిస్తే అందేది. అక్క గ్లాసును బల్లమీద పెట్టడం అలవాటు చేసుకుంది.

ఇరవయ్యో రోజు డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూశాడు. "ఇరవై మిల్లీమీటర్లు రావాలి, పదే వచ్చింది. ఎవరో వెనక్కి తిప్పుతున్నారు."

ఇంటికొచ్చాక అందరి కళ్ళూ వదిన మీదే. ఆవిడ నోరు మంచిది కాదు. అదొక్కటే సాక్ష్యం.

"మధ్యాహ్నం పూట తలుపు దగ్గరికేస్తావెందుకే?" అంది అమ్మ.

"ఎండ పడుతోందని, అత్తయ్యా. దీని చెయ్యి పొట్టిగా ఉంటే నాకేమైనా కిరీటం పెడతారా?"

"పోనీలే అమ్మా," అంది అక్క మెత్తగా. "మధ్యాహ్నం కూడా నేనే తిప్పుతాలే. వదినకెందుకు శ్రమ?"

వదిన చేతిలోంచి స్పానరు లాగేసుకున్నారు. ఆమె గదిలోకొస్తే చెల్లెలు చేతిమీద దుప్పటి కప్పుకునేది.

వారం తిరిగాక చూస్తే, ఎముక వెంట్రుకవాసి కూడా పెరగలేదు. "గట్టిపడిపోతోంది. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే మళ్ళీ కోయాలి. ఈసారి నరానికి నేను పూచీ ఇవ్వలేను," అన్నాడు డాక్టరు.

"నా చెయ్యి తీసేశాక ఆ వచ్చే సగమూ పోయిందేం, అత్తయ్యా?" అంది వదిన.

గ్లాసు నింపి చెల్లెలి ముందు చాపింది. చెల్లెలు అందుకుంది. అమ్మ చేత ఇప్పించింది. అందుకుంది. అక్క చేతిలో పెట్టింది. చెల్లెలి చెయ్యి బొటనవేలి మందం దూరంలో ఆగింది.

"ఎందుకక్కా?"

"ఇరవై ఏళ్ళు నీ జడ నేనే వేశాను. హుక్కులు నేనే పెట్టాను. నీ చెయ్యి నీకందితే ఇంక నన్నెవరు పిలుస్తారే?"

"స్టీరింగు పట్టుకుంటానన్నాను గానీ, నిన్నొదిలేస్తానన్నానా?"

అక్క ఏడ్చింది. ఏడిస్తే ఎముక పెరగదు. అమ్మ స్పానరు తీసుకొచ్చి, తల దించుకుని, కోడలి చేతిలో పెట్టింది.

మిగిలిన చుట్లన్నీ వదినే తిప్పింది. చట్రం తీసేనాటికి రెండు చేతులూ సమం. చెల్లెలు బస్సు నడిపింది, పెళ్ళి చేసుకుంది, పిల్లను కంది. అక్కతో మాటలు మానలేదు. క్షమించింది కూడా. చెయ్యి మాత్రం అక్క దాకా రాలేదు.

పిల్లను ఎత్తుకోవాలని అక్క చేతులు చాస్తే, చెల్లెలి చేతికీ తనకీ మధ్య అదే ఎడం. కింద పడుకోబెడితే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. అందుకని ప్రతిసారీ అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి అడగాలి.

"వదినా, పిల్లను కాస్త అందిస్తావా?"

ఒక్కోసారి వదిన చేతులు తుడుచుకుని వస్తుంది. ఒక్కోసారి, "పనిలో ఉన్నాను, ఆగు," అంటుంది.

అక్క ఆగుతుంది.